పదునుది కాదు తప్పు, గేజిది

మా ఆల్బమ్‌లో నాయనమ్మ ఫొటో ఒకటుంది. 1968లో భిలాయ్‌లో మేముండే సెక్టార్ క్వార్టర్ ముందు, సాయంత్రం నీరెండలో నాన్న తీసింది. ఆవిడ వెనక ఇటుక గోడ. ఏ ఇటుక మూల విరిగిందో, సున్నం ఎక్కడ పెచ్చు లేచిందో ఫొటోలో లెక్కపెట్టుకోవచ్చు. నాయనమ్మ మొహం మాత్రం ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టుంటుంది. ముక్కుపుడక పెట్టుకుందని తెలుస్తుంది గాని, అది ఒంటిరాయిదో మూడురాళ్ళదో తెలీదు.

కెమెరా జోర్కి-4. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సొంత దేశం వెళ్ళిపోతున్న ఒక రష్యన్ ఇంజినీరు దగ్గర నాన్న కొన్నాడు. ఆ ఫొటో చూసిన ప్రతివాళ్ళూ ఒకటే మాట: "రష్యా లెన్సు కదా, పదునుండదు." మేమూ ఒప్పేసుకున్నాం. లెన్సుకే పదును లేకపోతే గోడ అంత పదునుగా ఎలా పడిందని అడగాలని మాత్రం నలభై ఏళ్ళపాటు ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు ఫిల్మ్ మీద మళ్ళీ మోజు పుట్టింది. సివిక్ సెంటర్ వైపు సాయంత్రం పూట తాతల నాటి కెమెరా మెడలో వేసుకున్న కుర్రాళ్ళు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. పాత కెమెరాలు విప్పి బిగించడం నాకు అలవాటని తెలిసి వాళ్ళు మా ఇంటికొస్తారు. వచ్చి అడిగేది ఒక్కటే: "అంకుల్, వీటిలో ఏ లెన్సు అన్నిటికన్నా షార్ప్?" దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. చెప్పినా వాళ్ళకి ఉపయోగపడదు. ఎందుకో చెప్పాలంటే కాస్త మొదట్నించీ రావాలి.

రెండు కిటికీల కెమెరా

రేంజ్‌ఫైండర్ అంటే దూరం కొలిచే పనిముట్టు. కెమెరా ముఖాన రెండు కిటికీలుంటాయి. ఒకదానిలోంచి దృశ్యం మామూలుగా కనిపిస్తుంది. రెండోదానిలోంచి వచ్చిన అదే దృశ్యం, లోపలి అద్దం మీదుగా చిన్న ముక్కగా దానిమీద పడుతుంది. ఫోకస్ రింగు తిప్పుతుంటే ఆ ముక్క పక్కకి జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకటైతే దూరం కుదిరినట్టు. మన రెండు కళ్ళూ దూరాన్ని పసిగట్టే పద్ధతి లాంటిదే.

ఎస్‌ఎల్‌ఆర్‌లో మనం చూసేది లెన్సులోంచే కాబట్టి ఫోకస్ తప్పితే కంటికి తెలిసిపోతుంది. రేంజ్‌ఫైండర్‌లో లెన్సు చూసేది మనకి కనపడదు. కొలత ఏం చెబితే అది నమ్మి బటన్ నొక్కడమే.

ఈ కొలతని లెన్సుతో జోడించిన మొదటి లైకా, 1932లో వచ్చిన లైకా-2. 1934 నుంచి ఖార్కివ్‌లో, అనాథ పిల్లల కోసం పెట్టిన ఒక కమ్యూన్‌లో దానికి నకలుగా ఫెడ్ తయారైంది. సోవియట్ నాయకుడు ఫెలిక్స్ ఎడ్మండోవిచ్ జెర్జిన్‌స్కీ పేరులో మూడు మొదటి అక్షరాలే ఆ పేరు. యుద్ధం ముగిశాక 1948లో మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో జోర్కి మొదలైంది. 1956 నుంచి 1973 దాకా చేసిన జోర్కి-4లే 17 లక్షలు దాటాయి.

ఆ కాలమే భిలాయ్ పుట్టిన కాలం కూడా. ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి వచ్చిన మనవాళ్ళు, మాస్కో నుంచి వచ్చిన ఇంజినీర్లు ఒకే షాపు ఫ్లోర్ మీద పనిచేశారు. మా ఇంట్లో జోర్కి ఉండటానికి కారణం అదే.

రెండో పాయ జపాన్‌ది. 1960, 70ల్లో అక్కడి కంపెనీలు లెన్సు ఊడిరాని, లోపలే లైట్ మీటరున్న చిన్న రేంజ్‌ఫైండర్లు గుట్టలుగా చేశాయి. యాషికా ఎలక్ట్రో 35 (1966), ఒలింపస్ 35 ఆర్‌సీ (1970), కానొనెట్ క్యూఎల్17 జి-3 (1972), కోనికా ఆటో ఎస్3 (1973), మినోల్టా హై-మాటిక్ 7ఎస్-2 (1977), చివరికి 1979లో జేబులో పట్టే ఒలింపస్ ఎక్స్‌ఏ. ఈ జాతి సామాన్యుడిదే అనడానికి ఒక సాక్ష్యం: 1962 ఫిబ్రవరిలో భూమి చుట్టూ తిరిగిన జాన్ గ్లెన్ తనతో తీసుకెళ్ళింది మందుల షాపులో కొన్న ఆన్‌స్కో ఆటోసెట్. పేరు మార్చుకున్న మినోల్టా హై-మాటిక్ అది.

మన దేశంలో అప్పుడు దిగుమతులు గట్టిగా బిగించి ఉన్నాయి. మధ్యతరగతి చేతిలో ఉన్నది బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ లాంటి డబ్బా కెమెరా, అందులోకి ఊటీలోని హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ చేసిన ఇందు ఫిల్మ్. యాషికాయో కానొనెట్టో ఇంట్లో ఉందంటే గల్ఫ్‌లోనో ఓడ మీదో ఒక బంధువున్నాడనే అర్థం.

పోస్ట్‌కార్డు లెక్క

ఇక పదును. లెన్సు సామర్థ్యాన్ని, ఒక మిల్లీమీటరులో ఎన్ని జతల నలుపు-తెలుపు గీతల్ని విడివిడిగా చూపగలదన్న దానితో కొలుస్తారు. మన కన్ను చదివేంత దూరంలో పెట్టిన కాగితం మీద మిల్లీమీటరుకి అయిదారు జతలు మాత్రమే విడదీస్తుంది. అంతకు మించి సన్నగా ఉంటే బూడిదరంగు కిందే లెక్క.

35 మి.మీ. ఫిల్మ్ మీద ఒక ఫ్రేము 24కి 36 మి.మీ. దాన్ని నాలుగంగుళాలకి ఆరంగుళాల ప్రింటు చేస్తే సుమారు 4.2 రెట్లు పెద్దదవుతుంది. ప్రింటు మీద 6 జతలు కావాలంటే నెగెటివ్ మీద 25 చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫొటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్ళుంటుంది. దాన్ని ఫ్రేముకి లెక్కగడితే మిల్లీమీటరుకి 22 జతలు. అంటే ఆల్బమ్‌కైనా ఫోనుకైనా అడిగేది ఇరవై పైచిలుకే.

పైన చెప్పిన కెమెరాల్లో ఏది తీసుకున్నా, ఎపర్చర్‌ని (వెలుగు దూరే కన్నాన్ని) ఎఫ్/5.6కి దించితే, ఫ్రేము మధ్యలో ఇంతకు రెండింతలు ఇస్తుంది. నాన్న జోర్కి కూడా ఇస్తుంది. 12కి 18 అంగుళాల పెద్ద ప్రింటు గోడకి తగిలిస్తానన్నప్పుడే లెక్క మారుతుంది. అప్పుడు 12.7 రెట్లు పెరగాలి, నెగెటివ్ మీద 60, 70 జతలు ఉండాలి. మామూలు వెలుగుల్లో ట్రై-ఎక్స్ లాంటి 400 ఐఎస్‌ఓ ఫిల్మ్ 50 దగ్గరే ఆగిపోతుంది. లెన్సు ఇంకా ఇస్తానన్నా పట్టుకునే చోటు లేదు.

అందుకే లెన్సుల తేడాలు పెద్ద ప్రింట్లలో, ఎపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు, ఫ్రేము మూలల్లో మాత్రమే బయటపడతాయి. నిజాయితీగా చెప్పుకుంటే ఆ తేడాలు లేకపోలేదు. కానొనెట్ 40 మి.మీ. లెన్సు ఎఫ్/1.7 దగ్గర కాస్త మెత్తగా, కాంట్రాస్టు తగ్గి ఉంటుంది. ఎఫ్/4 దాటాక నిగ్గుతేలుతుంది. యాషికా 45 మి.మీ. లెన్సూ అదే బాట. కోనికా ఆటో ఎస్3లో ఉన్న 38 మి.మీ. హెక్సనాన్ ఎఫ్/1.8 దగ్గర్నించే గట్టిదని పేరు తెచ్చుకుంది. ఒలింపస్ 35 ఆర్‌సీ 42 మి.మీ. ఎఫ్/2.8 కాబట్టి మరీ తెరుచుకునే దురాశ దానికి లేదు, ఉన్నంతలో మూలల దాకా సమంగా ఇస్తుంది. ఎక్స్‌ఏ 35 మి.మీ. లెన్సు ఆరు గాజుముక్కలతో, మూతతో సహా జేబులో దూరేలా కుదించింది. దాని మూల్యం ఎఫ్/2.8 దగ్గర మూలలు మసకబారడం.

జోర్కి మీద ఉండే జూపిటర్-8 వంశం వేరు. జర్మనీలో లుడ్విగ్ బెర్టెలే రూపొందించిన సొన్నార్‌కి అది సంతానం. ఎఫ్/2 దగ్గర వెలుగు అంచుల్లో చిన్న మెరుపు పొర కనిపిస్తుంది. ఎదురెండలో కాంట్రాస్టు పడిపోతుంది. ఎండ వీపున పెట్టుకుని ఎఫ్/5.6కి దించితే జపాన్ లెన్సు పక్కన నిలబెట్టొచ్చు. గోడని అంత బాగా తీసింది ఆ లెన్సే మరి.

మావయ్య మాట

మాకు వరసకి మావయ్య ఒకాయన ఉన్నారు. పాలకొండ వైపు మనిషి, మెషీన్ షాపులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. నాయనమ్మ ఫొటో, జోర్కి రెండూ పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టి నా పాత పాటే పాడాను: లెన్సులో పదును లేదని. ఫొటోని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"గోడ ఇంత బాగా పడితే లెన్సునేటి అంటావురా? గేజి తప్పింది. గేజి తప్పయితే టూలెంత పదునైతే ఏటి లాభం? తప్పునే పదునుగా కోస్తాది."

నలభై ఏళ్ళ చిక్కుముడి ఆ ఒక్క మాటతో వీడిపోయింది. ఈ కెమెరాలో లెన్సు టూలు, రేంజ్‌ఫైండర్ గేజి. ఎప్పుడో కింద పడి, బస్సుల్లో కుదుపులు తిని, లోపలి అద్దం వెంట్రుకవాసి పక్కకి జరిగితే చాలు, గేజి తప్పుతుంది. 40 మి.మీ. లెన్సుని ఎఫ్/1.7 దగ్గర రెండు మీటర్ల దూరానికి పెడితే, పదునుగా ఉండే మేర 1.88 నుంచి 2.14 మీటర్ల దాకానే. పాతిక సెంటీమీటర్లు. కన్ను మీద పెట్టానని మీరనుకుంటే అది చెవి వెనక్కి పోవచ్చు. అదే 35 మి.మీ. లెన్సుని ఎఫ్/8 దగ్గర అయిదు మీటర్లకి పెడితే రెండున్నర మీటర్ల నుంచి అనంతం దాకా అంతా పదునుగానే ఉంటుంది. అక్కడ గేజి కాస్త తప్పినా ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం ఫొటోలు బాగుండి, సాయంత్రం ఇంట్లో తీసినవి పాడయ్యాయంటే లెన్సుని తిట్టకముందు గేజిని అనుమానించాలి.

రెండు కిటికీల మధ్య దూరం ఎంత ఎక్కువైతే కొలత అంత నమ్మకం. ఫెడ్-2లో అది 67 మి.మీ. పొట్టి ఎక్స్‌ఏలో అందులో సగం కూడా లేదు. కాని ఎక్స్‌ఏ లెన్సు ఎఫ్/2.8, వెడల్పు చూపు, కాబట్టి ఆ పొట్టి కొలతతోనే నెట్టుకొస్తుంది.

పరీక్షకి భిలాయ్‌ని మించిన ఊరు లేదు. మేడెక్కితే కర్మాగారం పొగగొట్టాలు కనిపిస్తాయి. కనీసం కిలోమీటరుకి పైన ఉన్న గొట్టం చూసుకుని, ఫోకస్ రింగుని అనంతం గుర్తుకి తిప్పి చూడండి. రెండు గొట్టాలు కనిపిస్తే గేజి తప్పినట్టే. ఒకదాని పక్కన ఒకటి ఉంటే ఫోకస్ లోపం. ఒకదాని మీద ఒకటి కనిపిస్తే నిలువు లోపం. అది కంటికి విసుగే గాని ఫొటోకి పెద్ద హాని చెయ్యదు.

దూరం కుదిరినంత మాత్రాన దగ్గర కుదరాలని లేదు. జోర్కి-4 వెనక పలక మొత్తం ఊడి వస్తుంది. ఫిల్మ్ పరుచుకునే పట్టాల మీద ట్రేసింగ్ పేపర్ బిగువుగా అంటించి, షట్టర్‌ని 'బి' మీద తెరిచి ఉంచి, లెన్సుని ఎఫ్/2కి పూర్తిగా తెరిచాను. గోడ మీది తెలుగు క్యాలెండర్‌కి మీటరున్నర దూరంలో స్టూలు మీద పెట్టాను. క్యాలెండర్‌కి మించిన పరీక్ష పటం లేదు. పెద్ద అంకెలు, వాటి కింద తిథి, నక్షత్రం, ఇంకా కింద చీమతలకాయంత వర్జ్యం. కిటికీలోంచి చూసి రెండు బొమ్మల్నీ కలిపాను. భూతద్దంతో ట్రేసింగ్ పేపర్ చూస్తే తలకిందులుగా అంకెలున్నాయి, తిథి అలుక్కుపోయింది. రింగుని దగ్గర వైపుకి ఒక గోరంత తిప్పితే వర్జ్యం ఘడియలు కూడా చదవగలిగాను. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే రెండు క్యాలెండర్లు! లెన్సు నిజం చెబుతోంది, గేజి అబద్ధం చెబుతోంది. ఆ అబద్ధాన్ని నమ్మే నాన్న నాయనమ్మని వదిలేసి గోడని తీశాడు.

జోర్కికి ముందువైపు కిటికీ పక్కన చిన్న మర ఉంటుంది. అది తీస్తే లోపల దూరం సర్దే మర అందుతుంది. దగ్గరి దూరం సర్దాలంటే లెన్సు తీసి, దాని వెనక్కి తగిలే మీటని సర్దాలి. ఒకటి సర్దితే రెండోది కదులుతుంది. పొగగొట్టానికీ క్యాలెండర్‌కీ మధ్య మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగాను. జపాన్ కెమెరాలకి చాలావాటిలో పైమూత విప్పాలి. చేతికి అలవాటు లేకపోతే మెకానిక్‌కి ఇవ్వడం మంచిది.

చెయ్యి, ఎండ, నీళ్ళు

గేజి తర్వాత చెయ్యి. 40 మి.మీ. లెన్సుకి 1/60 సెకను కన్నా నెమ్మదిగా పోతే వణుకు కనిపిస్తుంది. ఇక్కడ జపాన్ రేంజ్‌ఫైండర్‌కి ఎస్‌ఎల్‌ఆర్ మీద ఒక లాభముంది. లోపల ఎగిరిపడే అద్దం లేదు, లెన్సులోనే ఉండే ఆకు షట్టర్ చప్పుడు కూడా చెయ్యదు. మోచేతులు డొక్కకి ఆనించి, ఊపిరి బిగబట్టి 1/15 దగ్గర కూడా తీయొచ్చు.

ఆ తర్వాత ఎండ. భిలాయ్ మే నెల 44, 45 డిగ్రీలు. నిండు ఎండలో ఎఫ్/16 దగ్గర షట్టర్ వేగం ఫిల్మ్ ఐఎస్‌ఓకి దగ్గరగా ఉండాలన్నది పాత లెక్క. జపాన్ కెమెరాల్లో గరిష్ఠ వేగం 1/500. 400 ఫిల్మ్ వేస్తే మధ్యాహ్నం ఎఫ్/16కి కట్టేసినట్టే. అంత చిన్న కన్నంలోంచి దూరేటప్పుడు వెలుగు చెదిరి, ఎంత మంచి లెన్సైనా మెత్తబడుతుంది. 100 ఫిల్మ్ వేస్తే ఎఫ్/8 దొరుకుతుంది. అదే లెన్సు మరో లెన్సులా కనిపిస్తుంది. ఖర్చులేని అప్‌గ్రేడ్ ఇది.

నలుపు-తెలుపు ఫిల్మ్ ఇంట్లో కడుక్కునేవాళ్ళకి నీళ్ళ బెడద వేరే ఉంది. డి-76 లాంటి డెవలపర్‌కి 20 డిగ్రీలు కావాలి. వేసవిలో ట్యాంకు నీళ్ళు చెయ్యి కాలుస్తాయి. కుండ నీళ్ళు, ఐసు ముక్కలు, థర్మామీటరు ముందు పెట్టుకునే కూర్చోవాలి. వేడినీళ్ళలో ఫిల్మ్ మీది జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలినా గీత పడుతుంది. తడి కాలంలో లెన్సు లోపల బూజు. సాలెగూటిలా పాకితే కాంట్రాస్టు పోతుంది. బీరువాలో తోలు సంచిలో దాచినవే ఎక్కువ పాడయ్యాయి. వాడుతూ ఉండటం, మధ్యమధ్య గాలి, వెలుగు తగలనివ్వడం, డబ్బాలో సిలికా జెల్ వెయ్యడం, ఇంతకి మించిన మందు లేదు.

రోజూ వాడేవాడి కష్టాలు

కానొనెట్, 35 ఆర్‌సీ లాంటివి 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీతో నడిచేవి. పాదరసం విషమని వాటి అమ్మకాలు ఆగిపోయాయి. 1.5 వోల్టులది వేస్తే మీటరు తప్పు చెబుతుంది. చెవి మిషన్ షాపులో దొరికే 675 జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులది, దగ్గర్లో సరిపోతుంది గాని కొన్ని వారాలకే అయిపోతుంది. యాషికా 5.6 వోల్టులది. 6 వోల్టులది స్ప్రింగు అడ్డం పెట్టి వేసినా నొచ్చుకోదు. కానీ బ్యాటరీ లేకపోతే 1/500 ఒక్కటే దిక్కు. పైగా దాని లోపల ఒక రబ్బరు ముక్క కాలానికి పొడైపోతుంది. రీల్ తిప్పినప్పుడు లోపల 'టక్' మని వినిపించకపోతే ఆ ముక్క పోయినట్టు, ఎక్స్‌పోజర్లు కుదరవు. ఎక్స్‌ఏకి రెండు ఎల్‌ఆర్44లు చాలు, ఏ వాచీ షాపులోనైనా ఉంటాయి. జోర్కికి అసలు బ్యాటరీయే అక్కర్లేదు. కాని రీల్ తిప్పాకే షట్టర్ వేగం మార్చాలి. ముందే మారిస్తే లోపలి యంత్రం దెబ్బతింటుంది. రష్యన్ ఇంజినీరు నాన్నకి నేర్పిన మొదటి పాఠం అదేనట.

వెనక తలుపు అంచుల్లో ఉండే ఫోమ్ అన్నిట్లోనూ జిగురైపోతుంది. వెలుగు చొరబడి ఫొటో మీద నారింజ చారలు పడితే కారణం అదే. పాతది గీకేసి నల్ల ఊలు దారం అంటిస్తే సరి. ఇలాంటి పనులు ఒక ఆదివారం సాయంత్రంతో అయిపోతాయి.

ఇంకో కష్టం నాదే. సెక్టార్ 5 బాలాజీ గుడిలో కల్యాణం అని కానొనెట్‌తో ఒక రోలంతా తీశాను. అందరూ "ఎంత శ్రద్ధగా తీస్తున్నాడో" అన్నారు. లెన్సు మూత తియ్యలేదు. వ్యూఫైండర్ వేరు, లెన్సు వేరు కాబట్టి చివరి దాకా కల్యాణం కళ్ళారా చూశాను, ఫిల్మ్ మాత్రం చూడలేదు. ఎక్స్‌ఏ రూపకర్త యోషిహిసా మైతానీ ఈ జబ్బుకే మందు వేశాడు. మూతనే కెమెరా తలుపుగా చేశాడు. అది జరిపితే గాని బటన్ పనిచెయ్యదు. 225 గ్రాములే కాబట్టి చొక్కా జేబులో పడి ఉంటుంది. ఇంట్లో బీరువాలో ఉన్న అతి పదునైన లెన్సు కన్నా జేబులో ఉన్న మామూలు లెన్సు పదునైనది. కానొనెట్ 620 గ్రాములు, యాషికా అంతకన్నా బరువు. అవి ఎక్కడికో వెళ్ళాలనుకున్నప్పుడు పట్టుకెళ్ళేవి, రోజూ వెంట తిరిగేవి కావు.

మరేది కొనాలి?

ఎస్‌ఎల్‌ఆర్ కొనుక్కోవచ్చు కదా అంటారు. నిజమే, దగ్గర్నించి పువ్వులు తీసేవాళ్ళకి, దూరంలో పక్షులు తీసేవాళ్ళకి అదే మేలు. ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకంటే దానికి నా దగ్గర వాదన లేదు. 36 ఫొటోల్లో ఆలోచించి తీయడం కొందరికి ఇష్టం, అంతే.

కొనాలనుకుంటే నా వరస ఇది. జేబులో ఉంచుకోవాలంటే ఎక్స్‌ఏ. అన్నీ చేత్తో పెట్టుకోవాలంటే, బ్యాటరీ గొడవ వద్దనుకుంటే ఫెడ్ లేదా జోర్కి. సాయంత్రం ఇంట్లో తీయాలంటే కానొనెట్. చీకట్లో స్టాండు మీద పెట్టి తీయాలంటే యాషికా ఎలక్ట్రో, దాని షట్టర్ 30 సెకన్ల దాకా తనే లెక్కగట్టుకుంటుంది. చిన్నది, బరువులేనిది, అవసరమైతే చేత్తో కూడా నడిచేది కావాలంటే 35 ఆర్‌సీ. అమ్మేవాడు ఏ లెన్సు గొప్పని చెప్పినా వినండి, కాదనకండి. వీధిలోకి వచ్చి ఒక పొగగొట్టం వైపు తిప్పి చూడండి. అది ఒక్కటిగా కనిపిస్తే డబ్బులివ్వండి.

గేజి సర్దాక జోర్కితో మొదటి రోలు తీసింది పోయిన చలికాలంలో. అమ్మని మా కొత్త ఇంటి గోడ ముందు నిలబెట్టాను, సాయంత్రం నీరెండే, ఎఫ్/2.8. నాన్న నిలబడినంత దూరంలోనే నిలబడ్డాను. ప్రింటులో అమ్మ కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. కళ్ళజోడు దండె మీది చిన్న మర కూడా ఉంది. మురిసిపోతూ చేతిలో పెట్టాను. అమ్మ చాలాసేపు చూసింది.

"పండక్కి రంగులేయించిన గోడ, అది కనపళ్ళేదేట్రా?" అంది.